పెద్దోడికి ఒక చోటు

సారు పోయాక కూడా ఆ వ్యానులో ఆయన వాసన పోలేదు. కాఫీ పొడి, కుక్కల బొచ్చు, ఎండకి రాసుకునే క్రీము, అన్నీ కలిసిన వాసన. కరోనా వచ్చిన ఏడాది ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు, మళ్లీ తేలేదు. దుబాయ్‌లో ఆ ఇంట్లో మేడమ్, పనిమనిషిని నేను, రెండు కుక్కలు మిగిలాం.

వాళ్లది దక్షిణాఫ్రికా. పడుచు వయసులో అక్కడ ఇలాంటి వ్యానే వేసుకుని, కుక్కల్ని ఎక్కించుకుని చిన్నచిన్న ఊళ్లు తిరిగేవాళ్లట. వెడల్పాటి వీధి, వీధి చివర చర్చి గోపురం, ఒక పెట్రోలు బంకు, అంతే ఊరు, అని చెప్పేది మేడమ్. ఇక్కడికొచ్చినా ఆ అలవాటు మానలేదు. చలి మొదలైతే చాలు ధైద్, మసాఫీ, దిబ్బా, కల్బా అంటూ ఊళ్లు తిరగడమే. పొయ్యి వ్యానులోనే, పడకా వ్యానులోనే. వంటకీ, కుక్కల్ని చూడటానికీ నేనూ వెంట వెళ్లేదాన్ని. గోదావరి లంకల్లో పుట్టినదాన్ని, ఎండిన వాగులో కుర్చీ వేసుకుని కొండల్ని చూస్తూ టీ తాగుతానని ఎప్పుడైనా అనుకున్నానా? దేవునికి స్తోత్రం. ఆ రోజులు ఇచ్చాడు గదా.

కుక్కల్లో ఒకటి గోధుమరంగు మగది, గాడిద పిల్లంత ఉండేది. రెండోది తెల్లటి ఆడది, సంచిలో పట్టేస్తుంది. వాటికి ఇంగ్లీషు పేర్లున్నాయి గానీ నాకు నోరు తిరగలేదు. పెద్దోడా, చిన్నదానా అని పిలిచాను. పలికాయి.

నేను బడి మొహం చూడలేదు. అక్షరాలూ ప్రార్థనా రెండూ అమ్మే నేర్పింది, పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని. కంచం ముందు కళ్లు మూసుకోకుండా ముద్ద ఎత్తితే చేతి మీద ఒక్కటి వేసేది. మసాఫీ అవతల మొదటిసారి వ్యాను పక్కన చాప వేసిన రోజున, కుక్కల గిన్నెలు పెట్టి, నా కంచం ముందు కళ్లు మూసుకున్నాను. సారు చెయ్యెత్తి కుక్కల్ని ఆపాడట. "ఆవిడ దేవుడితో మాట్లాడుతోంది. మీకేం తొందర?" అన్నాడు. నేను ఆమెన్ అన్నాక చెయ్యి దించాడు. అదే అలవాటైపోయింది. కొన్నాళ్లకి ఆయన చెయ్యెత్తే పనే లేకపోయింది. మాంసం వాసన ముక్కుకి కొడుతున్నా, నోటి వెంట చొంగ కారుతున్నా, ఆమెన్ వినపడేదాకా పెద్దోడు గిన్నె ముట్టేవాడు కాదు. ఎప్పుడైనా ప్రార్థన పొడుగైతే గొంతులో చిన్నగా మూలిగేవాడు. "ముగించమంటున్నాడు" అని సారు నవ్వేవాడు.

మేడమ్ వీసా సారు పేరు మీదే ఉండేది. పొడిగించుకుంటూ వచ్చి, ఇక కుదరక, ఆవిడ వాళ్ల దేశం వెళ్లిపోవాల్సి వచ్చింది. చిన్నదాన్ని విమానంలో తీసుకెళ్లొచ్చు. పెద్దోడి గుండె చూసిన పశువుల డాక్టరు మాత్రం, వీణ్ణి ఎక్కిస్తే దిగేసరికి ఉండడు అన్నాడు. ఎవరూ తీసుకోకపోతే నొప్పి తెలీకుండా ఒక ఇంజక్షను ఉందన్నాడు. మేడమ్ వ్యాను తాళాలు తీసుకుంది.

అదే ఆఖరి తిరుగుడు. పాత ఊళ్లే, పాత మొహాలే. వాడికొక చోటు అడగాలి.

మసాఫీ సంతలో కుండలు అమ్మే పెద్దాయన మమ్మల్ని చూసి ఎప్పటిలాగే దానిమ్మకాయ కోసి పెట్టాడు. సంగతి విని గడ్డం నిమురుకున్నాడు. "మేకైతే ఇప్పుడే దింపు మేడమ్. కుక్కని ఏం చేసుకోను? నాకే కాపలా కావాలి" అన్నాడు హిందీలో. దిబ్బాలో వలలు బాగుచేసే ఆయన పిల్లలు పెద్దోడి మెడ పట్టుకు వేలాడారు. లోపల్నుంచి తల్లి గొంతు, "లా, లా" అని, వద్దు వద్దంటూ. పిల్లలు చేతులు కడుక్కోవడానికి పరిగెత్తారు. కల్బాలో అడగనే లేదు మేడమ్. సముద్రం దగ్గర వ్యాను ఆపి చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చుంది. నేను వెనకాల అన్నం వండుతూ ప్రభువా, ప్రభువా అనుకుంటున్నాను. ఇంకేం అడగాలో తోచలేదు.

తిరుగు దారిలో ధైద్ దగ్గర ఒక తోట. ఆ తోట అరబ్బు యజమాని సారుకి తెలుసు. "ఉండనివ్వు, మాఫీ ముష్కిల్", ఇబ్బందేం లేదు అనేసి లోపలికి వెళ్లిపోయాడు. చూసుకోవాల్సింది తోటమాలి. కడప మనిషి, మన తెలుగాయనే, ముస్లిము. తెలుగు మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, నేను ఐదు పూటలా నమాజు చేసేవాణ్ణి. దీని మూతి తగిల్తే మళ్లీ కడుక్కోవాల."

"నువ్వు ముట్టుకోవద్దు తమ్ముడూ. గిన్నె పెట్టి ఆమెన్ అను, చాలు. లేకపోతే తినడు."

ఆయన నోరు తెరిచాడు. "కుక్కను గూడా మీ మతంలో కలుపుకున్నారే! సరేలే, మేమూ ఆమీన్ అంటాం. సరిపోతాదేమో సూద్దాం."

నేను నవ్వాను. ఆ ప్రయాణం మొత్తంలో అదొక్కసారే.

మా వైపు ఎవరూ వెళ్తున్నా అనరు. "వెళ్లొస్తా రా పెద్దోడా" అన్నాను. వాడు గేటు లోపల కూర్చుని, రోజూ గిన్నె ముందు ఆగినట్టే ఆగాడు. మేడమ్ ఏడవలేదు. దుబాయ్ రోడ్డు ఎక్కాల్సింది, కల్బా వైపు తిప్పింది. నేను చెప్పేదాకా గమనించుకోలేదు.

వ్యాను అమ్మేసింది మేడమ్. నన్నూ ఎక్కడో ఒకచోట పెట్టాలి గదా. పెద్దోడికి వెతికినట్టే నాకూ వెతికింది, పాపం. నాకు తొందరగానే దొరికింది. షార్జాలో ఒక అరబ్బు ఇల్లు. ఇంటావిడని మామా అనాలి, అంటే అమ్మా అని. అన్నం పెడతారు, గది ఉంది, స్తోత్రం. ఫోను మాత్రం ఆవిడ బీరువాలో ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం చేతికిస్తుంది.

మొదటి శుక్రవారం తోటకి ఫోను చేశాను.

"తినడంల్యా అక్కా. ఆమీన్ అంటి. నాలుగుమార్లు అంటి. నా మొగం సూస్తాడు, పక్కకు తిరుక్కుంటాడు."

నా గొంతు రికార్డు చేసి పంపాను. ఎప్పుడూ చేసే ప్రార్థనే, చివర ఆమెన్. రోజూ గిన్నె పెట్టి వినిపించమన్నాను. ఆ వారమంతా బట్టలు ఇస్త్రీ చేస్తున్నా, పిల్లలకి పాలు కలుపుతున్నా ఒకటే ఆలోచన. తిని ఉంటాడు, ఈపాటికి తిని ఉంటాడు.

"అది ఇంక వినిపియ్యనక్కా" అన్నాడు రెండో శుక్రవారం. "నీ గొంతు విన్యాడంటే గేటు కాడికి ఉరుకుతాడు. పొద్దుగూకిందాకా ఆడనే. గిన్నెలో ఈగలు. నేనే అంటాలే. నిన్న రెండు ముద్దలు తిన్యాడు."

రెండు ముద్దలకీ స్తోత్రం చెప్పాను. ఆపైన ఒక్కో వారం ఒక్కో మాట. కొంచెం తిన్నాడు. నీళ్లే తాగాడు. ఎముకలు లెక్కపెట్టచ్చు. మేడమ్‌కి చెప్పాలా అని అడిగాడు ఆయన. అంత దూరాన ఉండి ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, వద్దన్నాను.

ఒక శుక్రవారం ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు. "నా తొడ మింద తల పెట్టుకుని పండుకున్యాడక్కా."

"మరి నీ నమాజు, తమ్ముడూ?"

"కడుక్కుంటాలే. బోరు నీళ్లుండాయి. నువ్వు చెప్పు. ఫోను వాడి చెవి కాడ పెడతాండా."

వంటింటి మూల నిలబడి కళ్లు మూసుకున్నాను. సారు ఉన్నప్పుడు చేసిన ప్రార్థనే చేశాను, పొడుగు లేకుండా. ఆమెన్ అన్నాను. అవతల గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"తిన్నాడా?"

"చెవి లేపినాడక్కా. గేటు దిక్కు సూసినాడు. లేవలేకపాయ."

"యల్లా, ఫోన్ ఖలాస్" అంటూ మామా చెయ్యి చాపింది. ఇచ్చేశాను. ఆవిడ మంచిదే. నా మొహం చూసి ఏమైందని అడిగింది. కుక్క అంటే ఏమనుకుంటుందోనని తలనొప్పి అన్నాను. మాత్ర ఇచ్చింది.

తర్వాతి వారం నేను అడగక ముందే చెప్పాడు తమ్ముడు. "గేటు కాడనే పూడ్చినా అక్కా. వాడు యాడ సూస్తాండెనో ఆడనే."

ఇప్పటికీ కంచం ముందు కళ్లు మూసుకుంటాను. అన్నానికి, నెత్తిన కప్పుకి, నీళ్లతో ఒళ్లు కడుక్కున్న ఆ తమ్ముడికి, అన్నిటికీ స్తోత్రం చెబుతాను. అక్కడిదాకా బాగానే వస్తుంది. ఆ తర్వాత ఒక్క మాట అనాలి. ఆ మాట అన్నాక కింద నుంచి గిన్నె నేలకి రాసుకునే చప్పుడు రావాలి. రాదు. అందుకని అనకుండా కూర్చుంటాను, అన్నం చల్లారిపోతుంది. అమ్మ ఉంటే చేతి మీద ఒక్కటి వేసేది.