మస్తానమ్మక్క వేళ్లు

చాలా ఏళ్లుగా మోస్తున్న బరువు ఇది. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. ఒక మనిషి చేతులు పాడవడానికి నేను కారణం. పూర్తిగా నేనేనా? కాదని నాకు నేనే ఎన్నోసార్లు నచ్చజెప్పుకున్నాను.

ఉదయగిరిలో మా పక్కిల్లు మస్తానమ్మక్కది. చెక్క గరిటెలు, చెంచాలు చెక్కేది. నేను పరిశోధన చేస్తున్న రోజుల్లో ఆమెకు కీళ్లవాతం మొదలైంది. నా పనీ దాని మీదే. మన ఒంట్లో రోగాన్ని గుర్తుపట్టే టీ కణాలనే తెల్ల రక్తకణాల పైన, ఆ గుర్తుపట్టే పని చేసే గ్రాహకాలుంటాయి. ఏ జన్యువుల నుంచి తయారైన గ్రాహకాలున్న కణాలు వాచిన కీలులో చేరుతున్నాయో చూడాలి. అందుకు ఇంకా మందు మొదలుపెట్టని వాళ్ల రక్తం, మోకాలి నీరు కావాలి. అలాంటి వాళ్లు దొరకడం కష్టం.

ఆత్మకూరు డాక్టరు ఆమెకు మందు రాసిచ్చాడు. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను.

“ఈ మందు ఇప్పుడే వేసుకోబాకక్కా. మా పరీక్ష అయినాక మొదలుపెడుదువు.”

“లేటయితే ఏమన్నా అవుతాదా పాపా?”

“ఏం కాదులే.”

“నువ్వు చదువుకున్నదానివి. సరే.”

తెలియక అన్నానా? లేదు. ఈ జబ్బుకు మొదట్లోనే మందు పడకపోతే వేళ్లు వంకరపోవచ్చని, పోతే మళ్లీ తిన్నగా కావని తెలిసే అన్నాను. కొద్ది రోజులే కదా అనుకున్నాను. ల్యాబుకు రావలసిన రసాయనాలు రాలేదు. వారాలు నెలలయ్యాయి. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా నొప్పి మాత్రలతో సర్దుకోమన్నాను.

చివరికి ఆమెను మా ల్యాబున్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లి నమూనాలు తీశాం. కొన్ని రకాల గ్రాహకాలున్న కణాలు ఆమె రక్తంలో కంటే మోకాలి నీటిలో చాలా ఎక్కువగా కనిపించాయి. నాకు డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. నమూనాలిచ్చాక మొదలుపెట్టిన మందుతో ఆమె నొప్పి తగ్గింది. వేళ్లు వంకరగానే ఉండిపోయాయి. ఉలి పట్టుకోలేక, వేరేవాళ్లు చెక్కిన గరిటెలకు ఉప్పుకాగితం రుద్దుతూ కూర్చునేది. ఎవరొచ్చినా, ఈ పాపే నన్ను పెద్దాసుపత్రికి తీసుకపోయినాదని నన్ను చూపించేది. నేను తలూపేదాన్ని.

మొన్న వెళ్లి అంతా చెప్పాను. అప్పుడే మందు వేసుకొని ఉంటే వేళ్లు బాగుండేవా అని అడిగింది. బాగుండేవేమో అన్నాను. ఆమె చేతులు రెండూ కొంగు కింద పెట్టుకుంది. బస్సు టైమవుతాది, పో అంది.

ఆత్మకూరు బస్సులో కూర్చున్నాక గుండె తేలికపడింది. ఇలా తేలికపడడానికి కూడా ఆమెనే వాడుకున్నానా? కావచ్చు. తేలికపడ్డ మాట మాత్రం నిజం.