ముందే హెచ్చరించింది ఎవరు?

ఆరేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నేనే రాశాను. అచ్చయింది కూడా. అది అబద్ధమని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను ఇబ్రహీంపట్నం విలేకరిని. లైంగిక దాడి కేసులో శిక్ష ముగించుకొని వచ్చిన ఒకతను రావిర్యాలలో అక్క ఇంట్లో ఉంటున్నాడని, గోదాములో పనికి కుదిరాడని తెలిసింది. పోలీసులకు ఆ సంగతి తెలుసు. కొత్తగా అతను ఏ తప్పూ చేయలేదు. అయినా వార్తే అనుకున్నాను. వివరాల కోసం వెళితే వాళ్లక్క నన్ను గడపలోనే ఆపింది.

"మావోడు చేసింది తప్పే అన్నా, ఎనకేసుకొస్తలేను. ఇప్పుడు పనికి పోతుండు, తాగుడు బందైంది. వారం వారం దవాఖానకు పోయి డాక్టరమ్మతోని మాట్లాడొస్తుండు. పేపర్ల ఎక్కితే పని పోతది. పని పోతే తాగుతడు. తాగితే నా మాట ఇనడు. అప్పుడు ఏం జేస్తడో నేనే చెప్పలేను."

"నేను రాయకపోతే ఇంకొకడు రాస్తడు చెల్లె."

"రాయనీ. ముందుగాల నువ్వెందుకు ఉరుకుతున్నవ్?"

అక్కణ్నుంచి వచ్చేశాను. వేరే పత్రికలో ముందు వస్తే, మనకెందుకు రాలేదని పొద్దున్నే ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్ నుంచి ఫోన్ వస్తుంది. ఆ ఫోన్‌కు భయపడ్డాను. 'మన మధ్యే కామాంధుడు' అని శీర్షిక కూడా నేనే పెట్టి పంపాను. ఆమె మాటల్లో ఒక్కటీ అందులో లేదు.

వారంలోపే అతణ్ని పనిలోంచి తీసేశారు. దవాఖానకు పోతుంటే బస్సులో ఎవరో గుర్తుపట్టి దింపేశారట. ఆ తర్వాత పోలేదు. తాగాడు. అక్కతో కొట్లాడి వేరే గదికి మారాడు. ఐదో నెలలో, పని ముగించుకొని ఇంటికి వస్తున్న ఒకామె మీద దాడి చేశాడు.

చేసింది అతనే. ఆ నేరాన్ని నా మీద వేసుకొని అతని బరువు తగ్గించను. కానీ అతణ్ని పట్టి ఉంచినవి ఏవో, ఏది తెగితే ఏది తెగుతుందో, ఆమె వరుసగా చెబితే విన్నవాణ్ని నేను. తెలిసి తెంపానా? జనం మేలు కోసమే రాశానా? అలాగైతే, పని పోయిందని తెలిసిన రోజునే ఆమె మాటలు పోలీసుల చెవిన ఎందుకు వేయలేదు? ఆ రోజు నేను ఇంకో వార్త వెనక ఉన్నాను. నిజం అంతే.

దాడి వార్త కూడా నేనే రాశాను. చివర ఇలా చేర్చాను: 'ఇతని గురించి మా పత్రిక ముందే హెచ్చరించింది.' డెస్క్ మెచ్చుకుంది.

దాడికి గురైన ఆమె ముందుకు నా మనసు తేలికపరచుకోవడానికి వెళ్లను. ఆ హక్కు నాకు లేదు. క్షమాపణ ఎవరినీ అడగడం లేదు. పత్రికకు మాత్రం ఇవాళ ఒక సవరణ పంపుతున్నాను. వేస్తారో లేదో తెలియదు. ముందే హెచ్చరించింది మేము కాదు, అతని అక్క. ఆమె హెచ్చరించింది నన్నే.