ఆంటీ చూపిస్తానన్నది

న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు చలి కంటే ఆంటీలంటేనే ఎక్కువ భయం. పెళ్లికాని కుర్రాడు కనిపిస్తే చాలు, "మీదే ఊరు బాబూ, మీరెంతమంది?" అంటూ ఆరా మొదలయ్యేది. కొన్నాళ్లయినా స్వేచ్ఛగా బతకాలని నా పట్టుదల. అందుకే ఎవరు భోజనానికి పిలిచినా, ఆ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందేమో వాకబు చేసిగానీ వెళ్లేవాణ్ణి కాదు.

మా ఫ్లాట్ పక్కింటి గుంటూరు ఆంటీ ఆస్పత్రిలో నర్సు. ఆవిడకు ఫొటోల పిచ్చి ఉందని తెలుసుగానీ, వేటి ఫొటోలో నేనెప్పుడూ అడగలేదు. ఓ చలికాలం సాయంత్రం పిలిచి, "బాబూ, శనివారం ఖాళీ ఉంచుకో. సముద్రం పక్కనే పెనిన్సులా అంతా డ్రైవ్ చేసొద్దాం. వెస్ట్ కోస్ట్ నుంచి మొన్నే వచ్చిందయ్యా! తెల్లగా, సన్నగా, ఎంత బాగుందో! ఒంటరిగా ఉంటోంది. నీకు చూపిస్తా, కుదిరితే ఫొటో తీసుకుందాం" అంది.

వచ్చిపడింది పెళ్లిచూపుల గండం! "ఇంకా ఎవరూ చూడలేదా ఆంటీ?" అన్నాను నీరసంగా.

"చూడకేం, బోల్డంతమంది వచ్చి చూసిపోతున్నారు. పోయినవారం మేమూ వెళ్లాం. కాస్త దగ్గరికెళ్లామో లేదో, లేచిపోయింది! నువ్వు మాత్రం ఆ ఎర్ర చొక్కా వేసుకోకు, బెదురుతుంది."

లేచిపోయిందా! అలాంటిదాన్నా నాకు అంటగట్టేది? (తప్పు నా ఒక్కడిదే కాదు. మన తెలుగులో ఆడపిల్లయినా, పిట్టయినా 'వచ్చింది', 'లేచిపోయింది' అనే అంటాం. నేనేం చెయ్యను?)

శనివారం అంకుల్ కారు నడుపుతుంటే, వెనక సీట్లో నేను దొంగలా నక్కి కూర్చున్నాను. ఇసుకలో సీ లయన్లు బద్ధకంగా దొర్లుతుంటే ఆంటీ వాటిని ఫొటోలు తీసింది. నేను మాత్రం తెల్ల జాకెట్ వేసుకున్న ప్రతి అమ్మాయినీ అనుమానంగా చూశాను. ఆంటీ పులిహోర డబ్బా తీసి "మొహమాటపడకు" అంటే, అదీ ఎరేననిపించింది. 'నాకిప్పుడే పెళ్లి వద్దు' అన్న మాట నోట్లోనే పెట్టుకుని తిరిగాను.

చివరికి ఓ పాయ దగ్గర కారాపారు. ఆంటీ నా మోచెయ్యి పట్టుకుంది. "అదిగో! గట్టిగా మాట్లాడకు."

జుట్టు సర్దుకుని చూశాను. బురదలో ఒంటికాలి మీద ఓ కొంగ.

"ఏదీ ఆంటీ?"

"కళ్లముందుంటే ఏదీ అంటావేంటయ్యా! కోటుకు అనే తెల్లకొంగ! ఈ దేశం మొత్తానికి గుప్పెడే ఉన్నాయి. జన్మకోసారి చూసినా అదృష్టమంటారిక్కడ."

పక్కన అక్కడి ముసలి దంపతులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మా భీమవరంలో ప్రతి గేదె వెనకా నిలబడే కొంగ! బతికిపోయానని సంతోషించాల్సింది పోయి, నాకు ఉక్రోషం ముంచుకొచ్చింది. పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నది దీనికోసమా?

తిరుగుదారిలో ఉండబట్టలేక, "సంబంధం చూపిస్తారేమోనని హడలిచచ్చాను ఆంటీ. నాకిప్పుడే పెళ్లి ఉద్దేశం లేదు" అనేశాను. అంకుల్ నవ్వాపుకోలేక కారు పక్కకి తీసి ఆపేశారు. ఆంటీ నవ్వలేదు.

"ముందే చెప్పొద్దూ బాబూ! మా వార్డులో కొత్తగా చేరిందొకమ్మాయి, మీ భీమవరమే. వచ్చేవారం మనతో రమ్మన్నాను, నీకు పరిచయం చేద్దామని. పోనీలే, వద్దని చెప్పేస్తా."

చెప్పేసింది కూడా. ఆ అమ్మాయెవరో, ఎలా ఉండేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు నేనుంటున్న హామిల్టన్‌లో ఎవరైనా "రండి, ఒకటి చూపిస్తాం" అంటే, ఏమిటని అడక్కుండానే కారెక్కేస్తాను. "ఎందుకండీ అంత తొందర?" అంటుంది మా ఆవిడ. ఆవిడకేం చెప్పను!