నూటికి పన్నెండు

ఆవిడ చేసే పని ఏమిటో చుట్టాలకి ఇరవై రెండేళ్లుగా బుర్రకెక్కలేదు. ఎముకల ఇంజినీరు అంటే చాలు, ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు మోకాలు ముందుకు చాపేవారు. "నేను డాక్టర్ని కాదండీ, కంప్యూటర్లో ఎముకల లెక్కలు కడతాను" అంటే, "అదేనమ్మా, ఈ నొప్పి లెక్కేమిటో కాస్త చూడు" అనేవారు. చూడకపోతే పొగరనుకుంటారని ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, నిమిషంపాటు గంభీరంగా మొహం పెట్టేది. దాంతో నొప్పి తగ్గిందన్నవాళ్లూ లేకపోలేదు.

నిజానికి ఆవిడ చదివింది భవనాలు కట్టే చదువు. ఏ దూలం ఎంత బరువుకి వంగుతుంది, ఏ స్తంభం ఎంతకి విరుగుతుంది, అదీ సంగతి. చివరి ఏడాదిలో ఒక ప్రొఫెసరు బోర్డు మీద తొడ ఎముక బొమ్మ గీసి, "ఇదీ స్తంభమే. కాకపోతే కట్టిన మేస్త్రీ మనకి ప్లాను ఇవ్వలేదు" అన్నాడు. ఆ ఒక్క మాటకి పడిపోయింది. తనకో చిన్న ఇల్లు గీసిపెడుతుందని ఆశ పెట్టుకున్న పిన్ని ముక్కు మీద వేలేసుకుంది. అమ్మ పోయాక ఆవిడని పెంచింది ఆ పిన్నే. కుట్టుమిషను తొక్కి చదివించింది, కాబట్టి అనే హక్కూ ఉంది. "చదివి చదివి చివరికి ఎముకలేరుకుంటావుటే చిట్టీ" అంది.

పని పైకి తేలికే. స్కాను తీసిన ఎముకని కంప్యూటర్లో నువ్వుగింజంత ముక్కలుగా విడగొట్టాలి. ఒక్క తొడ ఎముకకే మూడు లక్షల ముక్కలు. స్కానులో తెల్లగా కనిపించిన చోట ముక్క గట్టిది, మసకగా ఉన్న చోట మెత్తనిది. పైనుంచి బరువు మోపితే ఏ ముక్క ముందు నలుగుతుందో, ఎముక ఎక్కడ, ఎంతకి విరుగుతుందో కంప్యూటరు చెప్పాలి. మొదట్లో ఒక్కో లెక్కకి రెండు రోజులు పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే వచ్చేది.

కంప్యూటరు చెప్పింది నిజమని ఎవరు చెప్పాలి? దానికి ఆవిడ పనిచేసే పరిశోధన సంస్థలో, కింది అంతస్తున ఒక గది ఉంది. చనిపోయాక శరీరాలు దానం చేసినవాళ్ల ఎముకలు అక్కడ మంచుపెట్టెలో ఉంటాయి. వాటిని నిలబెట్టి, విరిగేదాకా నొక్కే యంత్రం ఒకటి ఉంది. ఆ యంత్రానికి సర్వాధికారి ఒక మెకానిక్కు. బిల్డింగంతా ఆయన్ని బాబాయ్ అనే పిలిచేది, డైరెక్టరుతో సహా.

ఆవిడ ఆ గదిలో ఒకే ఒక్క పరీక్ష చూసింది. ఎముక ఫట్టుమంది. ఆ చప్పుడుకి పరుగున బయటికెళ్లి వాంతి చేసుకుంది. ఎముకలతోనే బతికే మనిషికి ఎముక విరిగే చప్పుడు పడదంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత పరీక్ష రోజున పైనే ఏదో ఒక పని కల్పించుకునేది. సాయంత్రం బాబాయ్ అంకెల కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లేవాడు. ఆయనకి విషయం తెలుసు. కానీ ఆయన నోట్లో నువ్వుగింజ కూడా నానుతుంది.

ఇరవై నాలుగు ఎముకలు అలా అయ్యాయి. చిత్రమేమిటంటే, ప్రతి ఎముకా కంప్యూటరు చెప్పినదానికంటే నూటికి పన్నెండు పాళ్లు ఎక్కువే మోసింది. ఆవిడ వారాలపాటు తల పట్టుకుంది. చివరికి, స్కాను కంటికి అందని బలం ఏదో ఎముకలో ఉందని తేల్చి, లెక్క చివర ఆ పన్నెండూ కలిపేసింది. ఇరవై నాలుగూ అతికినట్టు సరిపోయాయి. వ్యాసం అచ్చయింది. పెద్దలు తలలూపారు.

పెద్దాసుపత్రిలో ఎముకల సర్జను ఆ లెక్కని వాడటం మొదలుపెట్టాడు. కొందరికి తొడ ఎముక లోపల ఎక్కడో గుల్లబారుతుంది. అది విరక్కముందే స్టీలు కడ్డీ దూర్చాలా, అక్కర్లేదా అన్నది ఆయనకి రోజూ ఉండే తలనొప్పి. ఒంటి బరువుకి నాలుగు రెట్లు మోయగలిగితే కడ్డీ అక్కర్లేదని గీత గీసుకున్నారు. అయిదేళ్లలో నలభై ఒక్క మందికి "అక్కర్లేదు" అని చెప్పి ఇంటికి పంపారు.

ఆవిడకి నలభై ఎనిమిదో ఏడు నడుస్తుండగా పిన్నికి కాలు లాగడం మొదలైంది. స్కాను తీస్తే తొడ ఎముకలో రేగిపండంత గుల్ల.

"కడ్డీ వద్దు గిడ్డీ వద్దు. ఈ కాలితోనే నలభై ఏళ్లు మిషను తొక్కాను" అంది పిన్ని. "అయినా నువ్వుండగా నాకెందుకే భయం? నీ కంప్యూటరు ఏమందో చెప్పు, అదే వేదం."

కంప్యూటరు మూడు పాయింట్ ఏడు రెట్లు అంది. పన్నెండు పాళ్లు కలిపితే నాలుగు పాయింట్ ఒకటి. కలపకపోతే గీతకి కింద, కలిపితే గీతకి పైన. పిన్ని కాలు ఆ పన్నెండు మీదే నిలబడి ఉంది.

నలభై ఒక్క మందికి కలం తడబడకుండా రాసిచ్చిన ఇంజినీరుకి ఇప్పుడు చెయ్యి ఆడలేదు. ఆ బలం ఎక్కడుందో తనకి తెలియదు. అంకెలు కలిశాయని నమ్మింది, అంతే. ఊళ్లోవాళ్ల కాళ్ల దగ్గర రాని అనుమానం పిన్ని కాలి దగ్గర వచ్చినందుకు ఆవిడకి సిగ్గేసింది. పిన్నిని మంచం దిగొద్దని చెప్పి, తిన్నగా బాబాయ్ ఇంటికి వెళ్లింది.

బాబాయ్ రిటైరై మూడేళ్లయింది. వరండాలో టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు.

"బాబాయ్, ఎముకని మెషీన్లో ఎలా పెట్టేవారో మొదట్నుంచీ చెప్పండి."

"ఏముందమ్మా! కింది కొసని సిమెంటులో పాతేవాణ్ణి. పైనున్న గుండు మీదకి ఇనప పలక దించేవాణ్ణి. మధ్యలో ట్యూబు ముక్క పెట్టేవాణ్ణి."

"ట్యూబు ముక్కేమిటి?"

"సైకిలు ట్యూబమ్మా. గుండు నున్నగా ఉంటుందా, ఇనుము కింద సర్రున జారేది. మొదట్లో ఓ ఎముక ఎగిరి నా చెవి పక్కనుంచే పోయింది. అందుకని నా పాత ట్యూబు కోసి మధ్యలో పెట్టా. ఇక జారితే ఒట్టు!"

ఆవిడకి అప్పుడర్థమైంది. నడిచే మనిషి ఒంట్లో ఆ గుండు తుంటి గిన్నెలో నూనె రాసినట్టు తిరుగుతుంది. దాన్ని పట్టి ఆపే రబ్బరు ఏదీ అక్కడ లేదు. జారకుండా పట్టుకుంటే ఎముక కాస్త ఎక్కువే మోస్తుంది మరి. స్కాను కంటికి అందని బలం సైకిలు ట్యూబుదన్నమాట.

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఆ ఒక్కసారి తప్ప మీరెప్పుడూ కిందికి రాలేదు కదమ్మా" అన్నాడాయన. ఎత్తిపొడుపేమీ లేదు, ఉన్నమాట అన్నాడు. ఆమె మొహం చూసి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "నేనేమైనా తప్పు చేశానా?"

"మీరు కాదు బాబాయ్."

మంచుపెట్టెలో ఇంకా ఎనిమిది ఎముకలున్నాయి. బాబాయ్ తనే వచ్చి, గుండుకి సరిపడా నున్నటి గిన్నె చేసి, గ్రీజు రాసి, యంత్రానికి బిగించాడు. ఈసారి గుండు తిరుగుతుంది, ఎముక ఎగరదు. ఆవిడ యంత్రం పక్కనే నిలబడింది. "చెవుల్లో దూది పెట్టుకోండమ్మా" అన్నాడు బాబాయ్. వద్దంది. మొదటిది విరిగినప్పుడు బల్ల అంచు పట్టుకుంది. ఎనిమిదోది విరిగినప్పుడూ పట్టుకునే ఉంది. అలవాటేమీ కాలేదు. ఎనిమిదీ కంప్యూటరు చెప్పిన చోటే, ఇంచుమించు చెప్పిన బరువుకే విరిగాయి. పన్నెండు లేదు.

పిన్నికి ఉన్నదున్నట్టు చెప్పింది. పిన్ని, "అయితే ఇన్నాళ్లూ నువ్వు పేరు తెచ్చుకుంది ట్యూబు ముక్క మీదన్నమాట" అంది. ఆ వెంటనే, "సరే, కడ్డీయే వేయించు. మంచి కంపెనీది చూడు" అంది. ఆపరేషను బాగానే జరిగింది.

తన వ్యాసం తప్పని పత్రికకి తనే రాసింది. తర్వాత సర్జను గదిలో కూర్చుని, నలభై ఒక్క మంది లెక్కలూ పన్నెండు తీసేసి మళ్లీ కట్టింది. తొమ్మిది మంది గీత కిందికి జారారు. ఎనిమిది మందిని వెంటనే పిలిపించాలి. తొమ్మిదో మనిషిని పిలిపించే పని లేదు. ఆయన ఒక బస్సు కండక్టరు. రెండేళ్ల కిందట బస్సు దిగుతుంటే తొడ విరిగింది. అప్పట్లో ఆయన లెక్క కాగితం మీద, విరగడానికి కారణం "జారిపడటం వల్ల" అని ఆవిడే రాసింది, తన దస్తూరీయే.

"వాళ్లకి నేను చెప్తాలెండి" అన్నాడు సర్జను. ఆవిడ ఫోను తన వైపు లాక్కుని, ముందు ఆ తొమ్మిదో నంబరే నొక్కింది. తనెవరో చెప్పింది, పన్నెండు సంగతి చెప్పింది.

"మావాళ్లు ఇప్పటికీ ఆట పట్టిస్తారండీ, ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసి బస్సు దిగడం చేతకాలేదని" అన్నాడాయన. "నేనూ అదే అనుకున్నా. అడుగు తప్పుగా వేశానేమోనని."

"లేదండీ" అంది ఆవిడ. "మీరు అడుగు సరిగ్గానే వేశారు. నేనే లెక్క తప్పు చెప్పాను."