సోలార్ పలకల నీడలో తెగిన వల

సముద్రంలో గాలిమరలు పాతితే చేపలకు ఏమవుతుందన్నది నేను చదువుకున్న చదువు. కరీంనగర్‌లో ఉంటూ ఈ చదువేమిటని ఇంట్లో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. సముద్రం మనకెలాగూ లేదు. సుల్తానాబాద్ అవతల ఒక రిజర్వాయర్ మీద మాత్రం సోలార్ పలకలు తేలుతున్నాయి. వాటిని ఇంకా పెంచే ముందు, కింద నీళ్లలో చేపలకు ప్రాణవాయువు సరిపోతోందో లేదో చూసి చెప్పమని ఆ పలకల ఆఫీసువాళ్లు నన్ను పిలిచారు. మరలైనా పలకలైనా ప్రశ్న ఒకటే కదా అని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక గుర్తొచ్చింది, నాకు ఈత రాదని.

పొద్దున్నే కరీంనగర్ బస్టాండులో పల్లెవెలుగు ఎక్కితే గంటలోపే సుల్తానాబాద్. ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. అక్కడి నుంచి కట్ట దాకా ఆటో మాట్లాడుకోవాలి, రానుపోను మూడు వందలు. డ్రైవర్ సలీం భాయ్ నేనెక్కడికో తెలిసి మొహం అదోలా పెట్టాడు. "జర పైలం మేడం. పొద్దెక్కినంక గాలి లేస్తది. గా నీళ్ల మీద ఎక్కువసేపు ఉండకుండ్రి" అన్నాడు. నవ్వి ఆటో ఎక్కాను.

నన్ను తీసుకెళ్లాల్సిన జాలరి రాజయ్య, అతని భార్య పోచవ్వ కట్ట మీదే ఉన్నారు. పోచవ్వ నీళ్లలో చిటికెడు పసుపు చల్లి గంగమ్మకు మొక్కింది. థర్మాకోల్ దిమ్మల్ని సంచుల్లో పెట్టి కుట్టిన తెప్ప అది, కాలు పెట్టగానే పక్కకు ఒరిగింది. పోచవ్వ కట్ట మీదే ఆగింది. రాజయ్య పలకల అంచుకు చేర్చాక ప్రాణవాయువు కొలిచే మీటరు దించాను. బయటి నీళ్లకన్నా కాస్త తక్కువే, అయినా చేపలకు ముప్పు లేదు. పైగా రవ్వ, బొచ్చె చేపలు ఆ నీడలోకే గుంపులుగా చేరుతున్నాయి. ఊపిరి పీల్చుకుని తలెత్తేసరికి, పలకలు కొట్టుకుపోకుండా అడుగున బరువుకు బిగించిన తాడుకే రాజయ్య వల ముడివేసి ఉంది. ఇవతలి కొసను అప్పుడే తెప్పకు కట్టుకుంటున్నాడు.

"ఇదేం పని రాజయ్యా?"

"చేపలన్ని నీడకే జేరినయ్ మేడం. ఇంకేడ ఏస్త? ఆఫీసోళ్లు గీడికి రావద్దన్నరు, జర ఎవలకు జెప్పకుండ్రి."

వల లాగడం మొదలుపెట్టాడో లేదో గాలి లేచింది. పలకల గుంపంతా ఒక్కసారిగా అవతలికి జరిగింది. తాడు బిగిసింది, దాంతో వల, వలతో మేము. తెప్ప ముందు భాగం నీళ్లలో మునిగి పలకల కిందికి పోతోంది. నీళ్లు నడుము దాకా వచ్చాయి. చచ్చిపోతాననే అనుకున్నాను.

"కోసెయ్ రాజయ్యా!"

"వల పోతది మేడం!"

కట్ట మీద నుంచి పోచవ్వ గొంతు వినపడింది. "కొయ్యుండ్రి! మనిషి మిగిలితే సాలు!"

అప్పుడు కత్తి తీసి, తెప్ప దగ్గర వలను తెగ్గోశాడు. వల పలకల కిందే ఉండిపోయింది.

ఒడ్డుకొచ్చి తడిబట్టలతోనే కట్ట మీద కూలబడ్డాను. అయితే అసలు భయం ఆ తరువాతే పట్టుకుంది. నైలాన్ వల కుళ్లదు. నీడకు వచ్చిన చేపలు దానిలో పడి చస్తూనే ఉంటాయి, అవి కుళ్లితే నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది. వల తీయించాలంటే ఆఫీసులో చెప్పాలి, చెబితే రాజయ్యను ఆ నీళ్లలోకి రానివ్వరు. ఆ మాటే అతనితో అన్నాను. కత్తి తుడిచి మొలలో దోపుకున్నాడు.

"జెప్పుండ్రి మేడం. నా పేరుతోనే జెప్పుండ్రి. తినేటోడు లేకుంట చేపను సంపుడు మాకు లేదు."

చెప్పాను. రాజయ్యను మర్నాడే ఆపేశారు. వల మాత్రం ఇంకా తీయలేదు, గాలి తగ్గాక చూస్తామన్నారు. నీళ్లలో మనం దించేదాని వల్ల ఏమవుతుందో కొలవడం నేర్చుకున్నాను గానీ, దాని నీడకు చేపలతో పాటు ఆకలి కూడా చేరుతుందని ఏ పాఠంలోనూ చదవలేదు. మీరూ అటు వెళితే గాలి లేవకముందే తిరిగొచ్చేయండి, తెప్పలో చేతికందేలా కత్తి ఉందో లేదో ముందే చూసుకోండి. రాజయ్య ఇప్పుడు కట్ట మీదే కూర్చుంటున్నాడు. కింద అతని వల మాత్రం పని మానలేదు.