ముఖం మార్చిన పడవ

కిష్టవ్వకు మంజీర ఏరు మీద కోపం. భయం అంటే ఒప్పుకోదు, కోపమనే అంటుంది. ఆమె పెళ్లై ఈ ఒడ్డుకు వచ్చిన కొత్తలోనే తమ్ముడు బాలకిషన్‌ను ఏరు మింగింది. వరదకు కొట్టుకుపోయిన పడవను వాడు వెతికి తెచ్చుకుని, మురిసిపోయి, ఉన్నదున్నట్టు మళ్లీ నీళ్లలోకి దించాడు. చూసిన ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు. ఏరు ఒకసారి పట్టుకుపోయిన పడవకు ముఖం మార్చకుండా నీళ్లు తగలనివ్వకూడదని ఆ ఒడ్డున అందరికీ తెలుసు. పాత రంగు, పాత గుర్తులు ఏవీ మిగలకుండా నిలువెల్లా డాంబరు పూస్తారు. అప్పుడు ఏరు దాన్ని ఆనవాలు పట్టదు, మళ్లీ పిలవదు. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. తమ్ముడి శవాన్ని ఒడ్డుకు చేర్చిన రోజున కిష్టవ్వకు మాత్రం నవ్వు రాలేదు.

అలాంటి మనిషికి పడవ నడిపేవాడే మొగుడు. హన్మయ్యకు ఇంకో పని చేతకాదు. నారాయణఖేడ్‌లో ఆటో ఎక్కితే రోడ్డు అయిపోయే చోట వాళ్ల ఊరు. అవతలి ఒడ్డు పొలాలకు కూలీలను దాటించడం, మధ్యలో వల వేసుకోవడం, ఇదే అతని బతుకు. గుంటెడు భూమి లేదు, ఉన్నదల్లా ఆ చెక్క పడవే. ఒక ఏడు హైదరాబాద్‌కు పోయి అపార్టుమెంటు ముందు వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని వచ్చాడు. తిరిగొచ్చాక చాలా రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మళ్లీ ఆ ఊసెత్తితే కిష్టవ్వే ఊరుకోదు.

నిరుడు చేపల సంఘం వాళ్లు అందరి పడవలకూ బీమా చేయించారు. బీమా మనిషి వచ్చి పడవ ముందు చెక్క మీద తెల్ల రంగుతో నంబరు రాయించి, ఫోటో తీస్తానన్నాడు. హన్మయ్య తల దువ్వుకుని, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, పడవకు ఎదురుగా రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. నంబరు మొత్తం అతని పంచె వెనక దాగిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. "పెండ్లి ఫోటోల గూడ గింత సక్కగ నిలవడలే" అని కిష్టవ్వ ఆటపట్టించింది.

ఈ వానకాలం పైన కర్ణాటకలో కురిసిందంతా ఒక్కసారిగా దిగింది. మొద్దుకు పడవను కట్టిన మోకు పటుక్కున తెగింది. హన్మయ్య నడుము లోతు దాకా ఉరికితే కిష్టవ్వ వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగింది. చొక్కా చినిగింది గానీ మనిషి ఆగాడు. పడవ ఎర్రనీళ్లలో గిరగిరా తిరుగుతూ పోతుంటే ఇద్దరూ అలా చూస్తూ ఉండిపోయారు.

నీళ్లు తీశాక అది దిగువన తుమ్మచెట్ల నడుమ బోర్లా పడి దొరికింది. ట్రాక్టరు పెట్టి గుంజి, ఖేడ్ నుంచి అలీముద్దీన్‌ను పిలిపించారు. తలుపులు, మంచాలు, బండ్లు, పడవలు, చెక్కతో ఏది ఉంటే అది బాగుచేసే మేస్త్రీ అతను. పడవ అడుగున చేయి పట్టేంత రంధ్రం ఉంది. దాని పక్క పలకలు కూడా పగిలి ఉబ్బాయి. అతను వేలితో నొక్కితే చెక్క మెత్తగా లోపలికి దిగింది.

"రెండు పలకలు మొత్తమే మార్చాలె అన్నా" అన్నాడు అలీముద్దీన్. "ఇప్పటికి రేకు కొట్టి గుడ్డ కుక్కుత. మీ ఊరి దాంక నీళ్లమీద తీస్కపోవచ్చు. గంతే. దీంట్ల మనుషులను ఎక్కియ్యకు, నీకు దండం పెడ్త."

"బీమా పైసలొస్తే పలకలు ఏపిద్దం" అన్నాడు హన్మయ్య. ఆ మాట అనగలిగినందుకు అతని ముఖం కాస్త తేటపడింది. "బీమా ఆయన వస్తనన్నడు. వచ్చి సూసేదాంక గిట్లనే ఉంచుదమా?"

"ఆయన వచ్చేదాంక ఏరు ఆగుతదా?" అంది కిష్టవ్వ. "ముఖం మార్చకుండ ఇంటి రేవుకు తెస్తే నా మీద ఒట్టే."

హన్మయ్య సరేనన్నాడు. బాలకిషన్ సంగతి అతనికీ తెలుసు. అలీముద్దీన్ రేకు కొట్టి ముగించగానే కిష్టవ్వ కొంగు బిగించి డాంబరు డబ్బా అందుకుంది. అడుగు, పక్కలు, అంచులు అన్నీ ఆమే పూసింది. ముందు చెక్క దగ్గర తెల్ల అంకెలు డాంబరు కిందనుంచి తొంగిచూస్తుంటే, వాటిమీద మళ్లీ పూసింది, ఆరనిచ్చి ఇంకోసారి పూసింది. పడవ నల్లగా, ఎవరిదో పరాయి పడవలా తయారైంది. కిష్టవ్వకు చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం సయించింది.

పడవ ఇంటి రేవుకు చేరాక బీమా మనిషి మోటారు సైకిలు మీద వచ్చాడు. చెడ్డవాడేం కాదు. ఇచ్చిన చాయ్ తాగాడు, వరదకు ఎన్ని ఇళ్లు పడ్డాయో అడిగి అయ్యో అన్నాడు. తర్వాత పడవ చుట్టూ తిరిగాడు.

"దీని నంబరేదీ?"

హన్మయ్య ముందు చెక్క చూపించాడు. అక్కడ నలుపు తప్ప ఏమీ లేదు. బీమా మనిషి తన ఫోనులో ఉన్న పాత ఫోటో వెతికి చూశాడు. అందులో హన్మయ్య బాగానే కనిపిస్తున్నాడు. పడవ నంబరే కనిపించడం లేదు.

"వరదొచ్చిన ఊళ్లలో పాత పడవలు, ఎవరెవరివో పడవలు చూపిస్తున్నారు పెద్దాయనా" అన్నాడతను. "నేను నమ్ముతాను. పైవాళ్లకు నంబరు కావాలి. దెబ్బ తిన్నచోట కూడా రేకు కొట్టేశారు. ఎందుకు పూశారిదంతా?"

అసలు కారణం హన్మయ్య బయటపెట్టలేదు. భార్యను నలుగురిలో నవ్వులపాలు చేయడం అతనికి ఇష్టం లేదు. "తెల్వక" అన్నాడు. ఊరివాళ్లు పోగై ఇది హన్మయ్య పడవేనని సాక్ష్యం చెప్పారు. బీమా మనిషి అందరి మాటా ఓపిగ్గా విన్నాడు. రేపటి దాకా ఖేడ్‌లోనే ఉంటానని, డాంబరు గీకి నంబరు తేలితే కబురు పెట్టమని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మాట విన్నాక కిష్టవ్వ లోపల ఏమైందో ఆమెకే తెలియాలి. గీకితే ఏరు గుర్తుపడుతుంది. గీకకపోతే పలకలు రావు, ఈయన ఆ రేకుతోనే నీళ్లలోకి దిగుతాడు. ఎటు చూసినా మొగుడి ప్రాణమే. హన్మయ్య కలుపు తీసే ఖుర్పీ అందుకోబోతే ఆమె లాక్కుంది.

"పూసింది నేను. నేనే తీస్త."

ట్రాక్టరు వాళ్ల దగ్గర సీసాడు డీజిల్ అడిగి తెచ్చి, గుడ్డ ముంచి రుద్దింది. నలుపు కరిగి మోచేతుల దాకా కారింది. ఖుర్పీతో మెల్లగా, పసిపిల్ల తల మీద పక్కు తీసినట్టు గీకింది. డాంబరు పెచ్చులుగా లేచింది. పెచ్చు వెనక తెలుపు కనబడితే ఆమె ప్రాణం లేచొచ్చింది. చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తెల్ల రంగు పెచ్చుకే అతుక్కుని ఉంది. చెక్క మీద ఏమీ లేదు. ఇంకోచోట గీకింది, అక్కడా అంతే. ఆమె మళ్లీ మళ్లీ గీకుతూనే ఉంది. చివరికి హన్మయ్య వచ్చి చేయి పట్టుకున్నాడు. వట్టి చెక్క మిగిలింది.

"ఏరుకు గుర్తు తెల్వొద్దనుకున్న" అంది కిష్టవ్వ. "ఎవ్వలకు తెల్వకుంట చేసిన." అని నేలమీద కూలబడి, నల్లటి చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

హన్మయ్య డీజిల్ గుడ్డతో ఆమె చేతుల నలుపు తుడిచాడు. తిట్టినా బాగుండేది. బీమా మనిషికి కబురు పెట్టడానికి ఏమీ లేకపోయింది.

అవతలి ఒడ్డున పత్తి పగిలింది. కూలీలు పొద్దున్నే రేవులో సద్దిమూటలతో నిలబడి హన్మయ్య ఇంటివైపు చూశారు. వాళ్లకూ పని లేకపోతే గడవదు. అతను కొంతసేపు గడపలో కూర్చుని, లేచి పడవ నడిపే గెడ తీసుకుని రేవుకు నడిచాడు. వెనకే కిష్టవ్వ పాత నూనె డబ్బా పట్టుకుని వచ్చింది.

"నువ్వెందుకే?"

"గెడ ఏస్తవా, నీళ్లు తోడుతవా? రెండు పనులు ఒక్కనివి ఎట్ల జేస్తవు?"

"మునిగితే?"

"మునిగితే ఇద్దరం మునుగుతం. జరుగు."

ఆమె అంచు రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని లోపలికి కాలు పెట్టింది. కూలీలను ఇద్దరిద్దరినే ఎక్కించుకున్నారు. నడి ఏట్లోకి రాగానే రేకు పక్కనుంచి నీళ్లు ఊరడం మొదలైంది. కిష్టవ్వ ఎవరి ముఖమూ చూడకుండా తోడి పోస్తూ ఉంది, తోడిన కొద్దీ మళ్లీ వస్తూ ఉన్నాయి.