బార్నీని నేను పుట్టించిన సాయంత్రం

ఒక మహా గాయకుణ్ణి వేదిక మీదికి పిలిచి, ఒక్క పాటైనా పాడనివ్వకుండా పంపించిన ఘనత ఐర్లాండ్‌లో ఎవరికైనా ఉందంటే అది నాదే. గొప్పలు కావు, రెండొందల మంది సాక్షులున్నారు. వాళ్ళలో సగం మంది నిద్రపోయారు, అది వేరే సంగతి.

అప్పుడు నేను మెయ్‌నూత్ అనే ఊళ్ళో చదువుతూ, నోరా ఆంటీ అనే ఐరిష్ ఆవిడ ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ వంటింటి రేడియోలో పొద్దస్తమానం బార్నీయే. బార్నీ అంటే ఈ దేశపు కంట్రీ పాటలకు మకుటంలేని మారాజు. అమ్మ, ట్రాక్టరు, వదిలేసిన ప్రేయసి లేకుండా ఆయన పాట ఉండదు. ముగ్గురిలో తిరిగొచ్చేది ట్రాక్టరొక్కటే.

"జంటలు ఆడే ఆయన వాల్ట్జ్ పాటకే నేనూ, మా ఆయన పాట్ మొదటిసారి చేతులు పట్టుకున్నాం" అనేది ఆంటీ. పాట్ పోయి ఆరేళ్ళు. ఆ పాటను ఎదురుగా వినాలన్నదే ఆవిడ కోరిక.

దగ్గర్లోని క్లోనీ ఊళ్ళో మన తెలుగువాళ్ళ ఉగాది సభకు బార్నీని ఒప్పించింది కూడా ఆవిడే. ఆయన ఆవిడ చెల్లెలికి పొరుగువాడు. "ఆ రాత్రి స్లైగో ఊళ్ళో డాన్సుకి పాడాలి. దారిలో అరగంట ఆగి నీ పాట పాడతాను" అన్నాడట. ఆంటీ జుట్టు సెట్ చేయించుకుంది, నీలం గౌను తీసింది, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు నన్నూ వెంటబెట్టుకుంది.

సంఘం అధ్యక్షుడు సుధాకర్ అంకుల్ అంతకు వారం ముందే నన్ను పక్కకు లాగాడు.

"బాబూ, పరిచయం నువ్వే చెయ్యాలి. మూడు నిమిషాలు."

"మూడు నిమిషాలా? మనిషి జీవితం అంకుల్!"

"మనిషి జీవితమే. నీది కాదుగా, కానియ్."

మనకు గాయకుణ్ణి గౌరవించడమంటే కుర్చీలో కూర్చోబెట్టి ఆయన గురించి మనం మాట్లాడటం. వారం రోజులు తపస్సు చేసి పద్నాలుగు పేజీలు రాశాను. సభ రోజున కోతికి కొబ్బరికాయ దొరికినట్టు మైకు దొరికింది. కోతి నయం, ఎప్పుడో ఒకప్పుడు కింద పడేస్తుంది.

ఒక వాక్యం తెలుగులో, అదే మళ్ళీ ఇంగ్లీషులో. బార్నీ పుట్టిన ఊరు, ఊరి చుట్టూ చిత్తడి నేల, తాతగారి ఆవు, ఆవు స్వభావం. శాలువా కప్పడానికి కమిటీ పదకొండు మందీ ఫొటోకి విడివిడిగా వచ్చారు. ఉన్ని కత్తిరించని మే నెల గొర్రెలా చెమటలు కక్కుతూ ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

"ఒరేయ్, చాల్లే!" అంకుల్ గుసగుస.

"ఇప్పుడే బడిలో వేశానంకుల్!"

ఐదో తరగతిలో ఉండగా డ్రైవరొచ్చి వాచీ చూపించాడు. బార్నీ లేచి, అందరికీ దండం పెట్టి, గిటారు పెట్టె తెరవకుండానే బయటికి నడిచాడు. హాలంతా చప్పట్లు. సభ దిగ్విజయం.

మొదటి వరసలో నోరా ఆంటీ మాత్రం పర్సు పట్టుకుని అలాగే కూర్చుంది.

"సారీ ఆంటీ."

"ఇట్స్ గ్రాండ్, లవ్."

ఇక్కడివాళ్ళు ఇల్లు కాలినా గ్రాండ్, అంటే ఫర్వాలేదు, అనే అంటారు. కానీ అంత మెల్లగా అనరు.

పరిగెత్తాను. కారు గేటు దాటుతుంటే అడ్డంగా నిలబడి, ఆయాసంతో పాట్ గురించి, ఆ పాట గురించి చెప్పాను. మొత్తం నాలుగు వాక్యాలు. జీవితంలో అదే నా ఉత్తమ ప్రసంగం.

బార్నీ దిగాడు. శాలువా ఇంకా భుజం మీదే ఉంది. గిటారు లేకుండా, చిరుజల్లులో, కార్ పార్కులో పాడాడు. పాడుతూనే, నా వెనకే బయటికొచ్చిన ఆంటీ వైపు చెయ్యి చాచాడు. నోరా ఆంటీ కళ్ళు మూసుకుని మూడడుగులు అటు, మూడడుగులు ఇటు. ఆ చేతిలో ఉన్నది బార్నీ చెయ్యి కాదని నాక్కూడా తెలిసింది, ఎప్పుడూ ఏదీ తెలియని నాకు. ఇప్పటికీ ఆ పాట రేడియోలో వస్తే నేను టీ కెటిల్ చప్పుడు ఆపేసి వింటాను.

కారెక్కుతూ బార్నీ నా వైపు తిరిగాడు. "ఇంతకీ బాబూ, ఒక్క సందేహం. ఐదో తరగతి తర్వాత నేను సింగర్‌నయ్యానా?"

అందుకే ఆ వాన సాక్షిగా, తాతగారి ఆవు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక జన్మలో ఎవరినీ వేదిక మీద పుట్టించను. పుట్టినవాళ్ళు పుట్టినట్టే వచ్చి పాడుకోవచ్చు.